చెవికి వినిపిస్తుంది, తెరకు వినిపించదు

పాన్‌గల్ కోటగుట్ట మీద ఎండ తగ్గేసరికి నా హ్యామ్ రేడియో సెట్టు 7.074 మెగాహెర్ట్జ్ మీదికి వచ్చేస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే, పిల్లనగ్రోవి కొత్తగా పట్టినవాళ్లు పదిమంది ఒకేసారి ఊదుతున్నట్టుంటుంది. 15 సెకన్లకోసారి అందరూ ఆగి ఊపిరి తీసుకుని మళ్లీ అందుకుంటారు. ఇదే ఎఫ్‌టీ8. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే కలిసి 2017లో తెచ్చిన, రేడియోలో అక్షరాలు పంపే పద్ధతి. చుట్టూ ఉన్న చప్పుడులో నూరో వంతు బలమున్న సంకేతాన్ని కూడా కంప్యూటరు పట్టి అక్షరాలు చేసి చూపిస్తుంది.

ఒకరోజు ఊదుడు చెవికి బాగానే వినిపించింది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

నా సెట్టు హైదరాబాదుదే. అక్కడి అష్హర్ ఫర్హాన్ 2003 ప్రాంతంలో బిట్‌ఎక్స్ అనే సెట్టు నమూనా గీసి అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. మామూలు దుకాణంలో దొరికే ట్రాన్సిస్టర్లతో ఎవరైనా కట్టుకోవచ్చు. 2017లో వచ్చిన మైక్రోబిట్‌ఎక్స్, అంటే నా సెట్టు, దాని తమ్ముడు. దాని తయారీలో హైదరాబాదు మహిళల బృందం చెయ్యి ఉంది. సుమారు 10 వాట్లు ఇస్తుంది. ఖరీదైన సెట్లలో శబ్దాన్ని వాటంతట అవే అదుపు చేసే ఏర్పాట్లు ఉంటాయి, దీంట్లో ఉండవు. ఆ పని మనమే చేయాలి. నన్నడిగితే నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి బడి లేదు.

చేనుకు నీళ్లు అందకపోతే రైతు మోటారు విప్పుతూ కూర్చోడు. గేట్‌వాల్వు దగ్గర చూస్తాడు, పైపు మీద చెయ్యి పెట్టి చూస్తాడు, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో కనుక్కుంటాడు. సెట్టు నుంచి కంప్యూటరుకు శబ్దం వెళ్లే దారి కూడా అంతే. ఎఫ్‌టీ8 సాఫ్ట్‌వేరులో పైనుంచి కిందికి జారే రంగుల పట్టీ ఉంటుంది, వాటర్‌ఫాల్ అంటాం. అందులో గీతలు పడుతూ అక్షరాలు రాకపోతే తప్పు చాలావరకు కేబులుది కాదు, కంప్యూటరు గడియారానిది. రెండు సెకన్లకు మించి తేడా వస్తే ఎఫ్‌టీ8 మూగబోతుంది. గడియారాన్ని సరిచేసే నెట్టు లేని రోజున ఊళ్లో ఇది మామూలే. పట్టీ పూర్తిగా నల్లగా ఉంటేనే శబ్దం దారిలో ఎక్కడో ఆగినట్టు.

కంప్యూటరు లోపల ముందు చూడాల్సినవి రెండు. అప్‌డేట్ వచ్చినప్పుడు ఒక్కోసారి విండోస్ తనకు నచ్చిన మైకును ఎంచుకుంటుంది. పైగా మాటను శుభ్రం చేస్తానంటూ ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆన్ చేసి పెడుతుంది. దానికి ఎఫ్‌టీ8 ఊదుడు కూడా ఫ్యాను మోతలాంటిదే, తుడిచేస్తుంది. వాటిని ఆపేయాలి.

అసలు తలనొప్పి బయట. కంప్యూటరు మైకు జాక్ మిల్లీవోల్టులకు అలవాటుపడ్డది, సెట్టు హెడ్‌ఫోన్ జాక్ నుంచి వచ్చేది దానికి వరదే. 10 కిలోఓములదొకటి, 1 కిలోఓముదొకటి, రెండు రెసిస్టర్లు టంకం పెడితే వోల్టేజి పదకొండో వంతుకు దిగుతుంది. స్టేషన్లేవీ లేనప్పుడు వచ్చే హోరుకు సాఫ్ట్‌వేరు మీటరు 30 డెసిబెల్స్ దగ్గర నిలిస్తే చాలు.

గుయ్యిమనే మోత వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జరు పీకి చూడండి. మోత ఆగిందంటే రెండు పెట్టెలూ రెండు దారుల్లో ఎర్త్‌ను పంచుకుంటున్నాయని అనుమానించాలి. మధ్యలో 600 ఓముల చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. తీగకు తీగ తగలకుండానే శబ్దం అవతలికి దాటుతుంది. పాత మోడెములు విప్పితే దొరుకుతాయి. సెట్టును ప్రసారంలోకి మార్చే తీగకు కూడా ఇలాంటి ఎడం ఉండాలి, అక్కడ ఆప్టోకప్లర్ పనిచేస్తుంది. ప్రసారం మొదలవగానే మౌసు బిగుసుకుపోతే అది రేడియో తరంగాలు కేబులెక్కిన గుర్తు. కేబులుకు ఫెర్రైట్ తగిలించి, ఏరియల్‌ను టేబులుకు దూరంగా జరపాలి.

పంపేటప్పుడు ఆశ పనికిరాదు. కంప్యూటరు వాల్యూమ్ మెల్లగా పెంచుతూ పోతే ఒక చోట పవరు పెరగడం ఆగుతుంది. అక్కడి నుంచి కొంచెం వెనక్కి రావాలి. దాటితే 600 హెర్ట్జ్ స్వరానికి 1200 దగ్గర, 1800 దగ్గర దయ్యాలు పుడతాయి. 1500 పైన ఊదితే ఆ దయ్యాలను సెట్టులోని ఫిల్టరే కోసేస్తుంది. ప్రతి విడతా 12.64 సెకన్లు పూర్తి బలంతో నడుస్తుంది కాబట్టి హీట్‌సింకు మీద వేలు పెట్టి చూస్తుండాలి. ఒకసారి నా ల్యాప్‌టాప్‌కు మెయిలొచ్చి, ఆ టింగుమన్న చప్పుడు కూడా గాల్లోకి పోయింది. వ్యవస్థ శబ్దాలన్నీ ఆ రోజే ఆపేశాను.

ఇదంతా కాలక్షేపమేనా అంటారు కొందరు. హైదరాబాదులో 1983లో పుట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం, భారతీ ప్రసాద్ నాయకత్వంలో, 2004 డిసెంబరులో అండమాన్‌లో ఉంది. వెళ్లింది సరదాగా దూరదేశాల హ్యాములను పలకరించడానికే. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పడిపోయిన చోట ఆ సెట్లే క్షేమసమాచారాలు మోశాయి. మాట మోసే దారి ఎక్కడ తెగిందో అయిదు నిమిషాల్లో కనిపెట్టే చెయ్యి అలాంటి రోజున కావాలి. ఆ చెయ్యి తీరిక వేళల్లోనే తయారవుతుంది.

ఇంతకీ నల్లతెర సంగతి. విండోస్ చూశాను, రెసిస్టర్లు కొలిచాను, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాను. గంటన్నర పోయింది. చివరికి తేలిందేమిటంటే, మా తమ్ముడి కొడుకు నా కేబులు తీసుకెళ్లి ట్రాక్టరు స్పీకరుకు పెట్టుకుని, దాని స్థానంలో మరోటి గుచ్చాడు. అడిగితే, "పిన్ను పట్టింది గదా పెద్దనాయనా!" అన్నాడు. పట్టింది నిజమే. హెడ్‌ఫోనుకూ మైకుకూ ఒకటే జాకున్న ల్యాప్‌టాప్ అది. వాడు గుచ్చిన పిన్ను ఉత్త హెడ్‌ఫోనుది.

మీకూ తెర నల్లబడితే ఏదీ విప్పకముందు పిన్ను మీది నల్లగీతలు లెక్కపెట్టండి. అలాంటి జాకులో మూడు గీతలుంటేనే మైకుకు దారి ఉన్నట్టు. రెండే ఉంటే లేదు.