ఎల్‌ఎన్‌క్యాప్: స్వభావం చెడకుండా నిలిపిన కణాలు

ప్రొస్టేట్ క్యాన్సర్ మీద పరిశోధన జరిగే ప్రయోగశాల ఏ దేశానిదైనా, అక్కడి ఇంక్యుబేటర్‌లో ఎల్‌ఎన్‌క్యాప్ కణాలున్న ఫ్లాస్కు ఒకటైనా కనిపించడం మామూలే. ఈ సెల్ లైన్ (ప్రయోగశాలలో తరతరాలుగా పెంచే కణాల వంశం) మొదలై నాలుగున్నర దశాబ్దాలు దాటింది. పరిశోధకులు కేటలాగు చూసి దీన్ని తెప్పించుకుంటారు, తమ పత్రంలో ఒక్క వాక్యంలో పేర్కొని ముందుకు సాగిపోతారు. ఆ వాక్యం వెనుక ఉన్న పనితనాన్ని నిదానంగా చూడాలి. ఈ జబ్బు గురించి, దాని మందుల గురించి ఇప్పుడు మనకు తెలిసిన ముఖ్యమైన సంగతులు కొన్ని నేరుగా ఈ కణాల్లోంచే వచ్చాయి మరి.

1977లో అమెరికాలోని బఫెలో నగరంలో, రోజ్‌వెల్ పార్క్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ కథ మొదలైంది. అక్కడ ఒక యాభై ఏళ్ల రోగికి ప్రొస్టేట్ గ్రంథిలో పుట్టిన క్యాన్సర్ ఎడమవైపు కాలర్ ఎముక పైనున్న లింఫ్ గ్రంథి దాకా పాకింది. ఆ గ్రంథిలోంచి సూదితో తీసిన కాస్త కణజాలాన్ని జూలియస్ హొరోషెవిచ్ బృందం పెంపకానికి పెట్టింది. దాన్ని పెంచిన పోషక ద్రవం ఆర్‌పీఎమ్‌ఐ 1640 కూడా అదే సంస్థలో తయారైనదే. నేటికీ ఈ కణాలు ఎక్కువగా అందులోనే పెరుగుతున్నాయి.

శరీరంలోంచి తీసిన కణితి ముక్క గాజుపాత్రలో బతకడం అరుదు. బతికినా, చాలాసార్లు క్యాన్సర్ కణాల కంటే వాటి పక్కనుండే ఫైబ్రోబ్లాస్టులనే మామూలు కణాలే ముందు పెరిగి పాత్రంతా ఆక్రమిస్తాయి. వాటిని దాటుకుని క్యాన్సర్ కణాలు నిలదొక్కుకున్నా, అవి పుట్టిన అవయవపు గుణాలు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఆ కాలంలోనే మెదడుకు పాకిన కణితి నుంచి డీయూ 145, ఎముకకు పాకిన కణితి నుంచి పీసీ-3 తయారయ్యాయి. రెండూ చురుగ్గా పెరుగుతాయి, నేటికీ వాడుకలో ఉన్నాయి. అయితే వాటిలో మగ హార్మోన్‌ను గుర్తించే ఆండ్రోజెన్ రిసెప్టర్ పని కనిపించదు, ప్రొస్టేట్ కణాలు చేసే పీఎస్‌ఏ అనే ప్రొటీన్‌ను అవి తయారుచేయవు. ఈ క్యాన్సర్ మగ హార్మోన్ మీద ఆధారపడుతుందని చార్లెస్ హగ్గిన్స్ 1941లోనే చూపించారు. ఆ గుణమే లేని కణాలను హార్మోన్ చికిత్స గురించి ఏమని అడుగుతాం?

ఎల్‌ఎన్‌క్యాప్ గొప్పతనం ఇక్కడే ఉంది. హొరోషెవిచ్ బృందం 1983లో ‘క్యాన్సర్ రీసెర్చ్’ పత్రికలో అచ్చువేసిన వివరణ చదివితే, వాళ్లు ఎంత జాగ్రత్తపరులో తెలుస్తుంది. కణాలు పెరుగుతున్నాయని చెప్పి ఊరుకోలేదు. సుమారు 60 గంటలకు సంఖ్య రెట్టింపవుతుందని కొలిచారు. క్రోమోజోములు లెక్కపెట్టి, అవి పురుషుడివేనని సరిచూశారు. ప్రొస్టేట్ కణం చేసే యాసిడ్ ఫాస్ఫటేజ్‌ను ఇవీ చేస్తున్నాయని, ఆండ్రోజెన్ రిసెప్టర్ ఉందని, డైహైడ్రోటెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్‌కు స్పందిస్తున్నాయని చూపించారు. పాత్రలో చూసినదానితో తృప్తిపడక, రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లోకి ఎక్కించి చూశారు. ఆడ ఎలుకల కంటే మగ ఎలుకల్లో కణితులు త్వరగా, ఎక్కువగా వచ్చాయి. మనిషిలో ఉన్నప్పటి గుణం ఫ్లాస్కులోనూ ఎలుకలోనూ నిలిచి ఉందని ఒక్కొక్క మెట్టులో రుజువు చేసుకుంటూ వెళ్లారు.

ఈ కణాలను సాకడం తేలిక కాదు. నెమ్మదిగా పెరుగుతాయి. ఫ్లాస్కు అడుగుకు గట్టిగా అంటుకోవు, కాస్త గట్టిగా తట్టినా ఊడి ద్రవంలో తేలతాయి. కొత్త ఫ్లాస్కులోకి మార్చిన తర్వాత రెండు రోజుల పాటు కదపకుండా వదిలేయాలి. అప్పుడే వేరు పట్టిన వరినారును చూసుకున్నంత మెల్లగా ద్రవం మార్చాలి. సమంగా పరుచుకోకుండా గుంపులు గుంపులుగా పెరుగుతాయి. ద్రవాన్ని త్వరగా ఆమ్లంగా మార్చేస్తాయి, దాంతో అందులోని ఎరుపు రంగు పసుపుకు తిరుగుతుంది. హార్మోన్ ప్రభావం తెలుసుకోవాలంటే ముందుగా పోషక ద్రవంలో కలిపే సీరంలో సహజంగా ఉన్న హార్మోన్లను బొగ్గుపొడితో తొలగించాలి. ఇవన్నీ చేతికి అలవడితేనే ఫలితం నమ్మదగినదవుతుంది.

ఆ ఓపికకు దక్కిన మొదటి పెద్ద ఫలం ఒక వింత. ఫ్లూటమైడ్ అనే మందు శరీరంలో హైడ్రాక్సీఫ్లూటమైడ్‌గా మారి, ఆండ్రోజెన్ రిసెప్టర్ దగ్గర చేరి హార్మోన్‌కు చోటు లేకుండా చేస్తుంది. అలా క్యాన్సర్ పెరుగుదల ఆగాలి. ఎల్‌ఎన్‌క్యాప్‌లో మాత్రం ఆ మందే పెరుగుదలను ప్రేరేపించింది. 1990లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ శాస్త్రవేత్తలు కారణం పట్టుకున్నారు. తొమ్మిది వందలకు పైగా అమైనో ఆమ్లాలున్న ఆ రిసెప్టర్‌లో ఒకే ఒక్కటి మారింది. తర్వాత వాడుకలో స్థిరపడిన లెక్కలో 877వ స్థానంలో థ్రియోనిన్ ఉండాల్సిన చోట అలనిన్ ఉంది. ఆ చిన్న మార్పుతో రిసెప్టర్ మందును కూడా హార్మోన్‌గా తీసుకుంటోంది.

ఇది ఫ్లాస్కుకే పరిమితమైన విడ్డూరమైతే అక్కడితో మరిచిపోయేవాళ్లు. 1993లో న్యూయార్క్ వైద్యులు కెల్లీ, షెర్ ఒక సంగతి బయటపెట్టారు. ఫ్లూటమైడ్ ఆపేసిన కొందరు రోగుల్లో, జబ్బు తీరును సూచించే పీఎస్‌ఏ తగ్గింది. ఆ తర్వాత రోగుల కణితుల్లోనూ 877వ స్థానంలో అదే మార్పు దొరికింది. ఎదురుతిరిగిన మందును ఎప్పుడు ఆపాలో, కొత్త మందు ఎలా ఉండాలో ఆలోచించడానికి దారి పడింది. చార్లెస్ సాయర్స్, మైకేల్ జంగ్ బృందాలు ఎల్‌ఎన్‌క్యాప్ కణాల్లో రిసెప్టర్ మోతాదు పెంచి, ఆ కఠిన పరిస్థితిలోనూ హార్మోన్‌లా ప్రవర్తించని అణువు కోసం వెతికాయి. అలా రూపొందిన ఎంజలూటమైడ్‌కు 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది.

రెండో ఫలం హొరోషెవిచ్ చేతుల మీదుగానే వచ్చింది. ఎల్‌ఎన్‌క్యాప్‌తో ఎలుకల్లో రోగనిరోధక స్పందన పుట్టించి, 7ఈ11 అనే యాంటీబాడీ తయారుచేసి 1987లో ప్రకటించారు. అది పట్టుకున్న ప్రొటీనే పీఎస్‌ఎంఏ. 1993లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ శాస్త్రవేత్తలు ఎల్‌ఎన్‌క్యాప్ నుంచే దాని జన్యువును వేరుచేశారు. ఎల్‌ఎన్‌క్యాప్ ఉపరితలం మీద ఈ ప్రొటీన్ దండిగా ఉంటుంది. పీసీ-3, డీయూ 145 కణాల్లో కనిపించదు. చేతిలో ఆ రెండే ఉండి ఉంటే ఈ వెతుకులాటకు ఆధారమే దొరికేది కాదు. ఇవాళ హైదరాబాద్‌లో ఒక పెద్దాయనకు డాక్టర్ పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ రాస్తే, క్యాన్సర్ ఎక్కడెక్కడికి పాకిందో వెతికేది ఆ ప్రొటీన్ ఆనవాలుతోనే. దాన్నే గురిగా పెట్టుకుని రేడియోధార్మిక లుటీషియంను కణితి దాకా చేర్చే మందు కూడా 2022లో అమెరికాలో అనుమతి పొందింది.

అయితే ఎల్‌ఎన్‌క్యాప్ ఒక్క మనిషి క్యాన్సర్‌కే ప్రతినిధి. అందులో పీటెన్ అనే రక్షక జన్యువు పనిచేయదు, రిసెప్టర్‌లోనూ పైన చెప్పిన మార్పు ఉంది. అందుకే వేరే స్వభావాల కణాలు కావలసి వచ్చాయి. వెన్నుపూసకు పాకిన కణితి నుంచి మిషిగన్‌లో వీక్యాప్ వచ్చింది. చాలామంది రోగుల్లో కనిపించే జన్యు సంలీనం (రెండు జన్యువులు కలిసిపోవడం) అందులో ఉంది. హ్యూస్టన్‌లో ఒక ఆఫ్రికన్ అమెరికన్ రోగి నుంచి ఎండీఏ పీసీఏ 2బీ తయారైంది. ఒక కణాన్ని మరో కణంగా పొరబడటం మరో చిక్కు. ప్రొస్టేట్‌దని ఏళ్ల తరబడి నమ్మిన టీఎస్‌యూ-పీఆర్1 నిజానికి మూత్రాశయ క్యాన్సర్ కణమేనని 2001లో తేలింది. అందుకే డీఎన్‌ఏ గుర్తింపు పరీక్ష ఇప్పుడు ప్రయోగంలో భాగమైంది. కణాలను ఎన్నిసార్లు కొత్త ఫ్లాస్కులోకి మార్చారో లెక్క రాయడం, మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా సోకిందేమో చూడటం, తొలి తరాలను ద్రవ నైట్రోజన్‌లో భద్రపరచడం కూడా తయారీకి తక్కువ కాని పనులే.

హొరోషెవిచ్ బృందం తన కణాలను గట్టిపడేలా, వేగంగా పెరిగేలా తీర్చిదిద్దలేదు. వాటి నెమ్మదితనాన్ని, సున్నితత్వాన్ని ఒప్పుకుని, ఏ గుణమూ పోకుండా కాపాడి, ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టింది. రిసెప్టర్‌లోని మార్పు గానీ, కణం మీది కొత్త ప్రొటీన్ గానీ 1977లో ఎవరికీ తెలియదు. తెలియనివి కూడా చెడకుండా నిలిచాయి కాబట్టే తర్వాతివాళ్లకు దొరికాయి. మన దేశంలో పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ నుంచి ఈ కణాలు తెప్పించుకునే విద్యార్థులు ఎందరో. వయల్ కరిగించే ముందు 1983 నాటి ఆ పత్రాన్ని ఒకసారి ఆసాంతం చదవమని వాళ్లను కోరుతున్నాను. తమ ఫ్లాస్కులోని కణాలు ఎలా ప్రవర్తించాలో దాన్నుంచే తెలుస్తుంది. సాటి శాస్త్రవేత్త తర్వాత ఆధారపడగలిగేలా ఒక పనిని ఎలా ముగించాలో కూడా అందులోనే ఉంది.