పాడేవాళ్ల గొంతు ఎరిగిన చేయి

ఈ పాట ఎత్తుగడే వేరు. మొదటి దెబ్బ ఆర్గన్‌ది. లోతైన మంద్ర స్వరం సమం మీద పడుతుంది. అది విని గొంతులు రెండో దెబ్బకు అందుకుంటాయి. మన సంగీతంలో అనాగత గ్రహం అనేది ఇదే. పంచమంలో మొదలై, గాంధార రిషభాల మీదుగా నాలుగే స్వరాల్లో షడ్జానికి దిగుతుంది వరుస. కింద ఆర్గన్ దెబ్బకో అడుగు వేస్తూ నడుస్తూనే ఉంటుంది. ఊరేగింపులో పాడుకునే కీర్తన కాబట్టి ఆ నడక ఉండాల్సిందే. నన్ను మాత్రం ఎక్కువగా పట్టుకునేది మొదటి దెబ్బ మీది ఖాళీ. చర్చికి వచ్చేవాళ్లు కలిసి సాధన చేసినవాళ్లు కారు. వాళ్లలో ముసలివాళ్లుంటారు, పిల్లలుంటారు, శ్రుతి అంతగా అందనివాళ్లుంటారు. అందరూ ఊపిరి పీల్చుకుని తాళం ఒంటికి పట్టించుకోవడానికి ఆ ఒక్క దెబ్బ వ్యవధి చాలు. ఎలాంటివాళ్లు పాడతారో మనసులో పెట్టుకున్న స్వరకర్తకే ఇది తోస్తుంది.

ఆయన రాల్ఫ్ వాన్ విలియమ్స్. వరుస పేరు ‘సీనే నోమినే’. ఇది అచ్చయిన ‘ఇంగ్లిష్ హిమ్నల్’ అనే ఆంగ్లికన్ కీర్తనల పుస్తకం 1906లో వచ్చింది. పాట మాత్రం అంతకు ముందుదే. తర్వాతి కాలంలో వేక్‌ఫీల్డ్ బిషప్ అయిన విలియం వాల్షమ్ హౌ దాన్ని 1864లో ప్రకటించారు. నవంబరు 1న వచ్చే సకల పరిశుద్ధుల పండుగకు అంతగా అమరిన పాట ఇంగ్లండు చర్చిలో మరొకటి లేదని నా అభిప్రాయం. పేరు పొందిన పరిశుద్ధులనే కాక, పని ముగించుకుని విశ్రమించిన విశ్వాసులందరినీ అది తలుచుకుంటుంది.

పుస్తకంలో ఎనిమిది చరణాలున్నాయి. మొదటి మూడూ, చివరి రెండూ అందరూ ఒకే శ్రుతిలో, ఒకే వరుసలో పాడాలి. మధ్యలోని నాలుగు, అయిదు, ఆరు చరణాలకు వాన్ విలియమ్స్ నాలుగు గొంతుల అల్లిక రాశారు. ఇది వైవిధ్యం కోసమే చేసిన ఏర్పాటు అనుకుంటే పొరపాటు. నాలుగో చరణం పరిశుద్ధుల సహవాసాన్ని గురించినది: ఇక్కడ పోరాడుతున్నవాళ్లూ, అక్కడ వెలుగుతున్నవాళ్లూ ఒక్కటే అంటుంది. సరిగ్గా అక్కడే ఒక్క గొంతు నాలుగు పాయలై, వేర్వేరు స్వరాలు ఒకదానికొకటి ఆసరాగా నిలుస్తాయి. అయిదో చరణంలో పోరు తీవ్రమై, ఆరో చరణంలో సాయంకాలపు కాంతి, విశ్రాంతి వస్తాయి. అంతవరకూ ఆ అల్లికే కొనసాగుతుంది. ఏడో చరణంలో కొత్త పొద్దు పొడవగానే సంఘమంతా మళ్లీ ఒకే వరుస అందుకుంటుంది. మాటల్లో ఉన్న వేదాంతాన్ని ఎవరు ఎక్కడ పాడాలన్న నిర్ణయంతోనే వినిపించిన పని ఇది. చరణం చివర వచ్చే హల్లెలూయాల వల్ల, మిగతా పాట నోటికి రానివారు కూడా ఊరేగింపులో కలిసిపోతారు.

ఈ పని ఆయన చేతికి వచ్చిన తీరూ చెప్పుకోదగ్గదే. 1904లో పెర్సీ డియర్మర్ అనే పాదిరి ఆయన ఇంటికి వెళ్లి, కొత్త కీర్తనల పుస్తకానికి సంగీత సంపాదకుడిగా ఉండమని అడిగారు. రెండు నెలల పని, అయిదు పౌండ్ల ఖర్చు అన్నారు. చివరికి రెండేళ్లు పట్టింది, సుమారు 250 పౌండ్లు అయింది. వాన్ విలియమ్స్ పాదిరి కొడుకే గాని, విశ్వాసి కారు. చదువుకునే రోజుల్లో నాస్తికుడు, ఆ తర్వాత దేవుడి సంగతి తేల్చుకోలేని స్థితిలో స్థిరపడిన మనిషి. అయినా వారం వారం ఆ పుస్తకం చేతబట్టుకునేవాళ్లకు నాసిరకం సంగీతం ఇవ్వడం నైతికంగానే తప్పని ఆయన నమ్మారు.

మంచి సంగీతం కోసం ఆయన పల్లెలకు వెళ్లారు. 1903 నుంచి పొలం కూలీలు, ముసలివాళ్లు పాడుతుంటే విని రాసుకున్న వరుసలు ఆయన దగ్గరున్నాయి. సర్రే కౌంటీలోని ఫారెస్ట్ గ్రీన్ గ్రామంలో దొరికిన ఒక నాగలి కుర్రాడి పాట వరుసను ఫిలిప్స్ బ్రూక్స్ రాసిన బేత్లెహేము క్రిస్మస్ గీతానికి కట్టారు. ఇంగ్లండులో ఆ గీతాన్ని నేటికీ ఆ వరుసలోనే పాడుకుంటారు. ససెక్స్‌లోని మంక్స్ గేట్ దగ్గర విన్న వరుస జాన్ బన్యన్ యాత్రికుడి పాటకు అమిరింది. నేల మీద పుట్టిన వరుసలతోనే నేల మీది జనం ఆరాధించాలన్న ఈ ఆలోచన మనకు పరాయిదేమీ కాదు. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య డోర్నకల్‌లో తెలుగు కీర్తనలనూ కథాకాలక్షేపాలనూ ఆరాధనలోకి ఆహ్వానించారు. ఇద్దరి నేపథ్యాలు వేరు, దారులు వేరు, అయినా జనం గొంతు మీద ఇద్దరికీ ఒకటే గౌరవం.

ఆ గౌరవం చిన్న విషయాల్లోనూ కనిపిస్తుంది. మామూలు గొంతుకు అందాలని పుస్తకంలోని వరుసల శ్రుతిని వీలైనంత తగ్గించారు. తన సొంత వరుసల కింద తన పేరు వేసుకోలేదు, ‘అజ్ఞాత’ అని అచ్చువేయించారు. వాటిలో ఒకటి పరిశుద్ధాత్మను పిలిచే పాటకు కట్టిన ‘డౌన్ ఆంప్నీ’. అది ఆయన 1872లో పుట్టిన ఊరి పేరు. ‘సీనే నోమినే’ గంభీరమైతే ఇది నెమ్మదైనది, గొంతు పెంచకుండా పాడుకోవలసినది. రెండింటిలో ఏది గొప్పదంటే చెప్పలేను గాని, ఒంటరిగా ఉన్నప్పుడు నా నోట్లో ఆడేది ఇదే.

పుస్తకం అందరికీ నచ్చలేదు. పరిశుద్ధులను వేడుకునే పాటలున్నాయని బ్రిస్టల్ బిషప్ తన పరిధిలో నిషేధించారు. 1907లో వాటిని తీసేసిన ముద్రణ ఒకటి వచ్చింది. ఆ వివాదం మరుగున పడింది, వరుసలు నిలిచాయి.

ఈ కూర్పు వాన్ విలియమ్స్‌కూ మేలే చేసింది. 1567 ప్రాంతంలో థామస్ టాలిస్ కట్టిన ఒక కీర్తన వరుసను ఆయన ఈ పుస్తకంలో చేర్చారు. అది మనసులోంచి పోలేదు. దాని మీద తంత్రీవాద్యాల కోసం రాసిన ఫాంటేసియా 1910 సెప్టెంబరులో గ్లాస్టర్ కేథడ్రల్‌లో తొలిసారి వినిపించింది. దాన్ని వినదలచినవాళ్లు ముందు టాలిస్ కీర్తనను నాలుగు గొంతుల్లో ఒకసారి విని, ఆ తర్వాత ఫాంటేసియా పెట్టుకుంటే మేలు. అసలు వరుస ఎక్కడ దాగి ఎక్కడ పైకి తేలుతుందో చెవి దానంతటదే పట్టుకుంటుంది.