తంజావూరి సాహిత్యగోష్ఠి : కూడి చెప్పిన కవిత్వము

ఆంధ్ర సాహిత్యచరిత్రములు కవుల వరుసలో నడచుచుండును. కవి పేరు, కాలము, కృతిభర్త, గ్రంథముల పట్టిక, తుదకు గుణదోషవిచారము. తిక్కనకును పోతనకును ఈ పద్ధతి చాలును. తంజావూరి నాయకరాజుల కాలమునకు మాత్రము ఇది చాలదు. ఆ యాస్థానమున ఒకరు చెప్పినదానిని మరియొకరు అందుకొనిరి. ఒకరు కృతికర్తగా నున్న చోటనే మరియొక కృతిలో నాయకుడైరి. అట్టి రచనలను విడదీసి, ఒక్కొక్క దానిని ప్రబంధయుగపు మహాకావ్యముల పక్కన తూచినచో అవి తేలికగానే తోచును. ‘క్షీణయుగము’ అను పేరు ఈ కాలమునకు తగులుకొనుటకు ఈ తూనిక కొంత కారణము.

తంజావూరి నాయకరాజ్యము విజయనగర ప్రభువుల ప్రాపున పదునారవ శతాబ్దమున ఏర్పడినది. సేవప్ప, అచ్యుతప్ప, రఘునాథుడు, విజయరాఘవుడు అను నలువురు ప్రభువులతో 1673లో అది ముగిసినది. చుట్టును తమిళదేశము, కావేరీతీరపు పల్లెలలోని జనము మాట తమిళము, కొలువుకూటమున తెలుగు, పండితుల నడుమ సంస్కృతము. ఇట్టి చోట తెలుగు కవికి వినువారు ఊరూర దొరకరు. ఉన్న శ్రోతలు కొలువులో నున్నవారే, వారిలో పెక్కురు తామును కవులే. ఈ సంగతిని మరచినచో తంజావూరి కవిత్వపు స్వభావము బోధపడదు.

రఘునాథ నాయకుడు తానే కవి. వాల్మీకిచరిత్రము, నలచరిత్రము, రామాయణము ఆయన కృతులు. రాజు కవియైనప్పుడు ఆస్థానకవులు పొగడి ఊరకుండుట లోకరీతి. ఇచ్చట జరిగినది వేరు. రాజు తెనుగున చెప్పిన రామాయణమును ఆస్థానవిదుషి మధురవాణి సంస్కృతమున చెప్పినది. సంస్కృతమునుండి తెనుగునకు దిగివచ్చుటయే ఆరువందల యేండ్లుగా నలిగిన బాట. ఆ బాటను ఆమె వెనుకకు నడిచినది. ఆ పనికి ఆమె యెన్నికైన విధమును గూర్చి ఒక ముచ్చట కలదు. తన కావ్యమును సంస్కృతీకరింపదగిన వారెవరని రాజు చింతించుచుండగా, శ్రీరాముడు కలలో కనబడి మధురవాణి పేరు చెప్పెనట. కలమాట యెట్లున్నను, ఇందలి లోకజ్ఞత గమనింపదగినది. పెక్కురు సమర్థులున్న గోష్ఠిలో ఒకరిని యెంచుట మిగిలినవారికి నొప్పి. ఆ భారమును దేవునిపై వేయుటకంటె మర్యాదయైన తెరవు లేదు.

కృష్ణాధ్వరి ‘నైషధపారిజాతీయము’ ఈ యిచ్చిపుచ్చుకొనుటకే మరియొక నిదర్శనము. నలకథయు పారిజాతకథయు రఘునాథుడు చేపట్టిన వస్తువులే. కృష్ణాధ్వరి ఆ రెండింటిని ఒకే పద్యమున ఇమిడ్చి ద్వ్యర్థికావ్యము సంతరించెను. ద్వ్యర్థికావ్యములపై నేటి పాఠకునకు అంతగా మక్కువ లేదు; శబ్దశ్రమ యెక్కువ, రసము తక్కువ అను మాట సత్యమే. కాని ప్రభువు వస్తువులను రెండింటిని చేతబట్టుకొని, వానిని కలిపి చూపెదనని సభలో నిలిచిన కవిసాహసమును ఆ సభ యెట్లు ఆస్వాదించియుండునో ఊహింపవచ్చును.

కర్తృత్వమును గూర్చిన తగవులును ఇచ్చటనే పుట్టినవి. ‘సంగీతసుధ’ రఘునాథుని పేరిట నున్నది. మంత్రి గోవిందదీక్షితుని కుమారుడు వేంకటమఖి తన ‘చతుర్దండిప్రకాశిక’లో అది తన తండ్రి రచన యని చెప్పెను. విజయరాఘవుని కృతుల విషయమునను ఇట్టి సందేహములు పుట్టకపోలేదు. ఈ చిక్కును విమర్శకులు న్యాయస్థానపు వ్యాజ్యమువలె నడపి, ఒకరికి డిక్రీ ఇచ్చి మరియొకరిని దొంగగా నిలిపిరి. వీణమెట్లను గూర్చి దీక్షితుడు చెప్పగా రాజు పలికించి చూచుట, రాజు పాడగా దీక్షితుడు లక్షణము కట్టుట జరిగిన కూటమున ఏ వాక్యము ఎవరిదని గీటు గీయుట సాధ్యమా? వేంకటమఖి తండ్రికీర్తిని కాపాడుకొనుట ధర్మమే. గ్రంథము మాత్రము కొలువుకూటమున పుట్టినది.

స్త్రీలను గూర్చి వేరుగ చెప్పవలసియున్నది. రామభద్రాంబ సంస్కృతమున పండ్రెండు సర్గల ‘రఘునాథాభ్యుదయము’ వ్రాసినది. 1934లో మద్రాసు విశ్వవిద్యాలయము దానిని అచ్చొత్తించినది. అందలి కడపటి భాగమున రాజు గుణములకంటె ఆ సభలోని విదుషుల నేర్పు నేటి చదువరిని ఆకర్షించును. శతలేఖిని, సమస్యాపూరణము, అష్టభాషాకవిత్వము, వీణావాదనము ఆ స్త్రీలకు నిత్యకృత్యములుగా వర్ణింపబడినవి. అతిశయోక్తిని కొంత తీసివేసినను మిగులునది చిన్నది కాదు. ఒక కవయిత్రి తన తోడి కవయిత్రులను సమూహముగా నిలిపి కావ్యమున కెక్కించుట మన సాహిత్యమున మిక్కిలి అరుదు. మొల్ల ఒంటరిగ వ్రాసికొనినది. రామభద్రాంబ కట్టెదుట ఒక గుంపు కలదు.

విజయరాఘవుని కాలమునకు వచ్చుసరికి ఈ అల్లిక మరింత చిక్కనైనది. తండ్రి చరిత్రమును కుమారుడే చేపట్టి ద్విపదగను, యక్షగానముగను చెప్పెను. యక్షగానమున తండ్రి శృంగారనాయకుడు. ఊరేగింపున ఆయనను చూచి ఒక వనిత మోహించును. కన్నతండ్రి వలపుకథను కొడుకు నాటకము కట్టుట నేటివారికి వింతగా తోచును. ఆ సభకు తోచినట్లు లేదు. వెంటనే పసుపులేటి రంగాజమ్మ ‘మన్నారుదాసవిలాసము’న అదే చట్రమును గైకొని, ఈ సారి విజయరాఘవునినే నాయకుని చేసి కాంతిమతితో పెండ్లి నడపినది. తండ్రిని వ్రాసినవాడు తానే వ్రాయబడినాడు. ఆమె అంతటితో ఆగక ఆ కథను ప్రబంధముగను యక్షగానముగను రెండు తీరుల చెప్పినది. రాజు ఆమెకు కనకాభిషేకము చేసెను. రాజకుమారుడు మన్నారుదేవుడు ‘హేమాబ్జనాయికాస్వయంవరము’ రచించెను. చెంగల్వ కాళకవి ‘రాజగోపాలవిలాసము’న కృష్ణుని అష్టమహిషులను అష్టవిధనాయికలుగా తీర్చి విజయరాఘవునకు అంకితమిచ్చెను. ఇందరికిని ఇలవేల్పు మన్నారుగుడి రాజగోపాలస్వామియే.

ఈ యేకముఖత్వము గుణమును తెచ్చినది, దోషమును తెచ్చినది. ఊరేగింపు, మేడలపైనుండి చూచు స్త్రీలు, విరహము, చెలుల ఉపచారములు, పెండ్లి అను వరుస కృతి వెంట కృతిలో వచ్చి విసుగు పుట్టించును. రాజే నాయకుడు, రాజే శ్రోత, రాజే బహుమతి నిచ్చువాడు; అట్టి చోట ‘ఇది బాగులేదు’ అను మాటకు తావెక్కడ? ఒకరి వస్తువును మరియొకరు రూపము మార్చియో భాషను మార్చియో అందుకొనిన చోట గోష్ఠి ఫలించినది. మధురవాణి, రంగాజమ్మ అందులకు సాక్షులు. పొగడ్తను మాత్రమే అందుకొనిన చోట ఎండినది.

చేమకూర వేంకటకవి పేరు ఇచ్చటనే రావలెను. ‘విజయవిలాసము’ రఘునాథునకు అంకితమే యైనను రాజు అవతారికతో వెనుదిరుగును, కథ అర్జునునిది. ఉలూచి, చిత్రాంగద, సుభద్రల వృత్తాంతము భారతమున అందరెరిగినదే. దానిని మూడాశ్వాసములలో చెప్పి కవి ఏమి సాధించెనన్నచో, సాధించినదంతయు పలుకుబడిలో నున్నది. పద్యము పద్యమునను ఒక మెలిక, ఒక శ్లేష, ఇంటిమాటలలోని జాతీయమును పద్యపుగతిలో ఇమిడ్చిన ఒక ఒడుపు. ఇట్టి కవిత్వము తాటాకుపై ఒంటరి చదువరికై పుట్టునది కాదు. సగము పద్యము చదువగనే రెండవ సగమున కాచుకొని యున్న మెలికను పసిగట్టి తల యూచు నేర్పరులు ఎదుట నుండవలెను. వేంకటకవికి వారు దొరకిరి. ఆ శ్రోతలు పోయిన పిమ్మట ఈ గ్రంథమునకు వ్యాఖ్య అవసరమైనది. తాపీ ధర్మారావు ‘హృదయోల్లాసవ్యాఖ్య’ ఆ లోటును తీర్చి 1971లో సాహిత్య అకాడమీ బహుమానము పొందినది. తమిళదేశపు నడిబొడ్డున తెలుగు నుడికారము ఇంత వాడిగా నిలుచుట ఆశ్చర్యమని కొందరందురు. ఇంటిభాష వీధిలో వినబడని చోట గోష్ఠిలోని మాటకు పదును పెరుగుట సహజము. పరిసరభాషల నడుమ తరతరములుగా బ్రదుకుచున్న తెలుగు కుటుంబములకు దీనిని వివరించి చెప్పనక్కరలేదు.

1673లో మధుర నాయకుడు చొక్కనాథుడు తంజావూరిపైకి వచ్చెను. విజయరాఘవుడును కుమారుడు మన్నారుదేవుడును పోరున మడిసిరి, అంతఃపురము నాశమైనది. కొలువుకూటమే వేదికగా నున్న ప్రబంధకవిత్వము ఆ దెబ్బకు తేరుకొనలేదు. యక్షగానము మాత్రము బ్రదికినది. మరాఠా ప్రభువు శాహజీ తెలుగున యక్షగానములు రచించెను. పాతతాళపత్రములు సరస్వతీమహలున నిలిచినవి. అయినను ఆ ప్రక్రియకు ప్రాణము పోసినవారు ప్రభువులు మాత్రమే కారు. ప్రబంధమునకు కవియు శ్రోతయు చాలుదురు. యక్షగానమునకు వ్రాయువాడు, పాడువాడు, మద్దెలవాడు, వేషము కట్టువాడు, నూనెదీపము పట్టువాడు, ఇందరు కావలెను. పురుషోత్తమదీక్షితుడు తంజాపురమందలి అన్నదానమునే నాటకవస్తువుగా గ్రహించిన నాడే ఈ ప్రక్రియ రాజు పడకటింటినుండి వీధి పంక్తిలోనికి వచ్చినది.

అచ్యుతప్ప నాయకుడు ఐదువందల పది బ్రాహ్మణకుటుంబముల కొసగెనని ప్రతీతి గల మేలట్టూరున పదునెనిమిదవ శతాబ్దమున వేంకటరామశాస్త్రి ప్రహ్లాద, ఉషాపరిణయ, హరిశ్చంద్రాది నాటకములను తెలుగున రచించెను. కవి పోయినను ఊరివారు వానిని వదలలేదు. స్త్రీపాత్రలను పురుషులే ధరింతురు. ఇంటింట వేషము తండ్రినుండి కొడుకునకు సంక్రమించును. తమిళము మాటలాడు నోళ్లు ఏటేట వైశాఖమున నరసింహజయంతి వేళ తెలుగు దరువులు పాడును. సాలియమంగళమునను ఈ సంప్రదాయము నిలిచియున్నది. వేంకటరామశాస్త్రి ప్రహ్లాదచరిత్రమును రంగాజమ్మ నాటకము పక్కన నిలిపి చూచినచో పద్యపు బిగిలో, పలుకు నాణ్యతలో రంగాజమ్మదే పైచేయి. ఐనను ఆమె నాటకము తాళపత్రమున నిలిచినది, ఆయన నాటకము నోట నిలిచినది. మేలట్టూరున నరసింహుని ముఖవేషము ఏడాది పొడుగున గుడిలో పూజలందుకొనును. నాటకపు పందిలి వరదరాజస్వామి సన్నిధికి ఎదురుగ వేయుదురు, స్వామి చూచునట్లుగా.