అరమండిలో తీసే కొలత

కూచిపూడి డ్రెస్సులో పనంతా ముందు వేలాడే కుచ్చిళ్ల ఫ్యాన్ దగ్గరే ఉంటుంది. కొత్త పట్టుచీరకు కత్తెర పెట్టాలంటే ఎంత అనుభవం ఉన్న చెయ్యైనా ఒక్క క్షణం ఆగుతుంది. జరీ నిండుగా ఉన్న పల్లూ మొత్తం ఫ్యానుకే పోతుంది. అంచులు రవిక చేతులకూ, పైజామా కాళ్లకూ పంచాలి. పల్లూను అంగుళం వెడల్పున కుచ్చిళ్లు పోసి, ఇస్త్రీ పెట్టి, పైన నడుం పట్టీకీ పక్కన పైజామా లోపలి కుట్లకూ కలపాలి. పిల్ల నిటారుగా నిలబడితే కుచ్చిళ్లన్నీ దగ్గరకు ముడుచుకోవాలి. అరమండిలో, అంటే సగం కూర్చున్న భంగిమలో, మోకాళ్లు విప్పితే మడత మడతా తెరుచుకుని, జరీ అంతా ఒక్కసారి కనపడాలి. మామూలు బట్టలకు తీసినట్టు నిలబెట్టి కొలత తీస్తే స్టేజీ మీద కుట్టు పిగులుతుంది. అందుకే మా దగ్గర కొలతలన్నీ అరమండిలోనే.

డిచ్‌పల్లిలోని మా దర్జీ దుకాణానికి నిజామాబాద్, బోధన్, ఆర్మూర్ నుంచి పిల్లలను తీసుకుని తల్లులు వస్తుంటారు. "అక్కా, మన గుట్ట మీద రామాలయంలో శిల్పాలకున్నట్టే కుట్టాలె, పాతకాలం డ్రెస్సు" అంటారు. డిచ్‌పల్లి వాళ్లం మా గుడి పేరెత్తితే పొంగిపోతాం. ఇందూరు ఖజురహో అని పేరున్న గుడి మరి. కానీ ఆ తల్లులకు ఉన్నమాటే చెప్తాను. శిల్పాల మీద ఉన్నది ఒంటికి చుట్టుకున్న బట్ట. మన పిల్లలు వేసుకునేది కత్తిరించి, కుట్టి, హుక్కులు పెట్టిన డ్రెస్సు. దాని వయసు ఇంకా నూరేళ్లు కూడా కాలేదు. పైగా అది పుట్టడంలో ఐరోపా బ్యాలేకు గట్టి భాగమే ఉంది.

1935 డిసెంబరులో మద్రాసు అడయారులో, దివ్యజ్ఞాన సమాజం వజ్రోత్సవాల్లో రుక్మిణీదేవి అరండేల్ మొదటిసారి భరతనాట్యం ప్రదర్శించారు. దానికి కొత్తరకం ఆహార్యం కావాలనుకుని గుడి శిల్పాలను పరిశీలించారు. ఆ ఊహలను కత్తిరించి డ్రెస్సుగా కుట్టింది అడయారులోనే ఉన్న ఒక ఇటాలియన్ దర్జీ, మేడమ్ కజాన్. శిల్పం మనది, కత్తెర వాళ్లది. తర్వాత తర్వాత ఈ కుట్టు డ్రెస్సే కూచిపూడి పిల్లలకూ వచ్చింది.

రుక్మిణీదేవిని నాట్యం వైపు తిప్పింది రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవా. 1928లో బొంబాయిలో ఆమె ప్రదర్శన చూశాక, ఆస్ట్రేలియా వెళ్లే ఓడలో ఇద్దరికీ స్నేహం కుదిరింది. రుక్మిణీదేవి ముందు బ్యాలేనే నేర్చుకున్నారు. మీ దేశపు నాట్యం వెతుక్కో అని చెప్పింది పావ్లోవాయే.

పావ్లోవాకు మన నేలతో అంతకుముందే పరిచయం. 1922లో మన దేశానికి వచ్చి వెళ్లి, మరుసటి ఏడాది లండన్ కోవెంట్ గార్డెన్‌లో అజంతా కుడ్యచిత్రాల మీద ఒక బ్యాలే చేసింది. అదే ఏడాది నర్తకుడు ఉదయ్ శంకర్ కృష్ణుడిగా, తను రాధగా ఆడింది. అజంతా అప్పుడు నిజాం రాజ్యంలోది, మన డిచ్‌పల్లిలాగే. ఆ చిత్రాలు చెడిపోకుండా చూడటానికి నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి నిపుణులను రప్పించింది కూడా ఆ రోజుల్లోనే. ఒకే ఏలుబడి కింద ఉన్న గోడల మీది బొమ్మలు లండన్ రంగస్థలానికి ఎక్కాయంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

పావ్లోవా వచ్చి చూసింది. పారిస్ వాళ్లు తూర్పు దేశాలను చాలామటుకు బొమ్మలు చూసి ఊహించుకున్నారు. 1910 జూన్‌లో పారిస్ ఒపేరాలో డయాగిలెవ్ నడిపిన రష్యన్ బ్యాలే బృందం 'షెహరజాద్' ఆడింది. బట్టలూ తెరలూ లియోన్ బాక్స్ట్‌వి. నారింజ పక్కన నీలం, ఆకుపచ్చ పక్కన ఎరుపు, కాళ్లకు వదులు సల్వార్లు. తెలుపు, గులాబీ లేతరంగులకు అలవాటుపడ్డ పారిస్ ఆడవాళ్లకు ఆ రంగులు పిచ్చెక్కించాయి. ఇళ్లలో దిండ్లు, తెరలు సైతం మారిపోయాయి. పాల్ పొయిరే అనే దుస్తుల రూపకర్త 1911 జూన్ 24న తన తోటలో పర్షియా వేషాల విందు పెట్టాడు. సుమారు 300 మంది అతిథులు. మామూలు బట్టల్లో వచ్చినవాళ్లు అక్కడిచ్చిన వేషం వేసుకోవాలి, లేదంటే వెనక్కి పోవాలి. బాక్స్ట్‌ను చూసి నేర్చుకున్నాడంటే పొయిరే ఒప్పుకునేవాడు కాదు. లండన్ సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంలో మన దేశపు తలపాగాలు చూసి మురిసి, వాటి చుట్టు నేర్చుకుని రమ్మని తన దగ్గర పనిచేసే ఆవిడను పంపినట్టు మాత్రం తనే రాసుకున్నాడు. ఆ తలపాగాలే పారిస్‌లో కొత్త ఫ్యాషన్.

పొయిరే మీద నాకు గౌరవమూ ఉంది, ఒక దర్జీగా కోపమూ ఉంది. ఊపిరి ఆడనివ్వని కార్సెట్టును వదిలించి, భుజాల నుంచి వేలాడే గౌన్లు కుట్టాడు. చాలా పెద్ద మేలు. ఆ చేత్తోనే చీలమండల దగ్గర బిగిసిపోయే హాబుల్ స్కర్టూ తెచ్చాడు. అది కట్టుకున్న మనిషి బెత్తెడు బెత్తెడు అడుగులు వేయాల్సిందే, ట్రాము ఎక్కాలంటే నరకం. ఒంటి కదలిక చూడకుండా కంటికి నచ్చిన బొమ్మ చూసి కత్తిరిస్తే జరిగేది ఇదే.

నర్తకులు ఈ విషయంలో పట్టుదల గల మనుషులు. 1911 మొదట్లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 'జిసెల్' బ్యాలే ఆడిన రష్యన్ నర్తకుడు నిజిన్స్కీ, ఒంటికి పట్టిన తొడుగు మీద వేసుకోవాల్సిన పొట్టి లాగు వేసుకోలేదు. సభ్యత కాదని జార్ చక్రవర్తి నాటకశాల వాళ్లు ఉద్యోగం తీసేశారు. కాలి గీత మొత్తం కనపడాలన్నది ఆ వేషం వెనక ఉన్న ఆలోచన. మరుసటి ఏడాది పారిస్‌లో 'నీలి దేవుడు' అనే బ్యాలేలో అతను భారతీయ దేవుడిగా ఆడాడు, బాక్స్ట్ వేషాలతోనే. ఆ బ్యాలే పెద్దగా నిలవలేదు. వేషాలు మాత్రం ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి.

మన దగ్గర మ్యూజియంలో కూడా సరిగా నిలవనివి కళావంతుల బట్టలు. ఆనాటి ఫొటోల్లో వాళ్లు పైజామా మీద చీర కట్టి, ముందు కుచ్చిళ్లు దట్టంగా వదిలి, మీద బరువైన నగలు పెట్టుకుని ఉంటారు. తరతరాలు నాట్యాన్ని మోసిన ఆడవాళ్లు వాళ్లు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది, వాళ్ల ఆట స్టేజీ దిగిపోయింది. వాళ్ల కట్టు ఏ కొసను ఎక్కడ దోపేవాళ్లో ఈనాటి మా దర్జీల్లో చెప్పగలిగినవాళ్లు అరుదు. అడయారు డ్రెస్సు అందమైనదే, నాకు అన్నం పెడుతున్నదీ అదే. ఆ అందం కోసం పక్కకు పోయిన కట్టు గురించీ పిల్లలకు చెప్పాలని నా పట్టు.

పోయినదాన్ని రాతిలోంచి వెతికి తెచ్చినవాళ్లూ ఉన్నారు. నటరాజ రామకృష్ణ గారు జాయపసేనాని 'నృత్తరత్నావళి'ని, రామప్ప గుడి శిల్పాలను పట్టుకుని పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. 1213 నాటి ఆ గుడిలో ఎత్తు మడమల పాదరక్షలు వేసుకున్న మదనిక శిల్పం కూడా ఉంది. ఫ్యాషన్ పారిస్‌లోనే పుట్టిందనుకునే పిల్లలకు ముందు ఆమెనే చూపించాలి.

పేరిణి డ్రెస్సు కుట్టేటప్పుడు నేనూ మా గుట్ట ఎక్కుతాను. తొడ మీద బట్ట ఎలా మడత పడిందో, మొలనూలు ఎక్కడ కూర్చుందో శిల్పి చెక్కి పెట్టాడు. వెనక ముడి ఎక్కడ వేశారో, గెంతినప్పుడు బట్ట జారకుండా ఏం చేశారో గోడకు ఆనుకున్న శిల్పం చెప్పదు. అది నాట్యం చేసే మనిషి ఒళ్లే చెప్పాలి. దుకాణానికి తిరిగొచ్చాక గజ్జెలు కట్టించి, నాలుగు అడుగులు వేయించి, "ఇప్పుడు కూర్చో బిడ్డా" అని టేపు తీస్తాను.