అరటాకు మాడితే అడగాల్సిన ప్రశ్న

హైదరాబాద్‌లోని లింగంపల్లి చుట్టూ ఇంకా మిగిలిన గ్రానైట్ బండల్లోనూ కాస్తో కూస్తో యురేనియం, థోరియం ఉంటాయి. రేడియోధార్మికత ఉందా అంటే ఎక్కడైనా ఉందనే జవాబు. ఎంత ఉంది, ఏ రూపంలో ఉంది, అందులో ఎంత మొక్కలోకీ పశువులోకీ చేరింది అన్నదే అసలు లెక్క. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని వివాదంలో వెనకబడింది ఈ లెక్కే. అక్కడ యూసీఐఎల్ (యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) శుద్ధి కర్మాగారం 2012లో మొదలైంది. అరటి తోటలు ఎండుతున్నాయని, బోరు నీళ్లు పాడయ్యాయని వ్యర్థాల చెరువు దాపున ఉన్న కె.కె. కొట్టాల వంటి ఊళ్ల రైతులు చాలాకాలంగా మొత్తుకుంటున్నారు. రేడియేషనే చంపిందని కొందరు, రేడియేషన్ పరిమితి దాటలేదు గనక గనికి సంబంధమే లేదని మరికొందరు. రెండు వాదాలూ రేడియేషన్ మీటరు దగ్గరే ఆగిపోతున్నాయి.

1986లో చెర్నోబిల్ పక్కన పైన్ అడవి ఎర్రబారి చచ్చిపోయింది, నిజమే. కానీ అక్కడ పడిన మోతాదు వేరు. ఖనిజ వ్యర్థాల పక్కనుండే రేడియేషన్‌కు అరటాకు మాడడం నమ్మశక్యం కాదు. అయితే తుమ్మలపల్లె ఖనిజం కార్బొనేటు రాతిలో ఉంది. ఆమ్లం పోస్తే ఆ రాయే దాన్ని తాగేస్తుంది కాబట్టి సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లతో యురేనియాన్ని కరిగిస్తారు. సోడియం ఎక్కువైన నీరు పారితే నేల బిగుసుకుంటుంది, ఉప్పుకు ఓర్వని అరటికి ఆకు అంచులు మాడతాయి. ఊటగా జారిన చెరువు నీరే కారణమైతే, రేడియేషన్ నిర్దోషి అని తేలినా గని నిర్దోషి కాదు. తేల్చాలంటే చెరువుకు ఎగువా దిగువా ఒకే రకం తోటల్లో మట్టిని, ఆకును, బోరు నీటిని కలిపి పరీక్షించాలి: సోడియం, యురేనియం, రేడియం. మట్టిలో ఉన్నదాంట్లో మొక్క ఎంత పీల్చిందో లెక్కగట్టాలి. పశువుల్నీ వదలకూడదు. రేడియం-226 కాల్షియం లాగే ఎముకల్లోకి చేరుతుంది, దాని అర్ధాయువు దాదాపు 1,600 ఏళ్లు.

మనిషికి హాని లేకపోతే చాలదా అనొచ్చు. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ కూడా ఒకప్పుడు అలాగే అనుకుంది; 2008 నాటికి జింక, కప్ప, తేనెటీగ, వానపాము సహా 12 రకాల జీవులను, మొక్కలను విడిగా లెక్కలోకి తెచ్చింది. ఆ పన్నెండింటిలో అరటి లేదు, మేక లేదు. ఇవన్నీ తేలేలోపు రైతు ఏమైపోవాలి అన్నది ఇంతకంటే బరువైన అభ్యంతరం. కానీ నీటిలో సోడియం తేలడానికి ఏళ్లు పట్టవు, పరిహారం రేడియం లెక్క కోసం ఆగనక్కర్లేదు. ఏళ్లు పట్టేది పోలిక. తవ్వకానికి ముందు ఆ నేలా నీరూ ఎలా ఉండేవో ఊరి చేతిలో కొలతలు లేకపోతే ప్రతి వాదనా తేలకుండా మిగులుతుంది. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో తీర్మానించింది. అక్కడ నేల ఇంకా తవ్వలేదు గనక, ఆ కొలతలు తీసుకోవడానికి ఇదే అదను.