ఎర్ర గీత ఎక్కడ గీయాలి?

1962లో ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీ నుంచి ఎంజీబీ అనే చిన్న స్పోర్ట్స్ కారు బయటికొచ్చింది. 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. వాటి ఇంజిన్ విప్పి, రీబోర్ చేసి, హెడ్ దారులు నునుపు చేసి, కొంచెం చురుకైన క్యామ్‌షాఫ్ట్ వేసి నడుపుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ పనికి ఒక సంప్రదాయమే ఉంది. ఆ కారు తయారుచేసిన బీఎంసీ సంస్థకు అబింగ్డన్‌లో ఉన్న 'స్పెషల్ ట్యూనింగ్' విభాగం ఏ అంచెలో ఏ మార్పు చేయాలో చెబుతూ పుస్తకాలే వేసింది. అంతా బిగించాక తేల్చుకోవలసింది ఒకటి మిగులుతుంది: దీన్ని ఎంతవరకు తిప్పొచ్చు, అంటే ఇంజిన్ వేగం చూపే టాకోమీటర్ మీద ఎర్ర గీత ఎక్కడ ఉండాలి?

ఈ ఇంజిన్ మనకు పరాయిదేం కాదు. మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్‌లోని 1,489 సీసీ పెట్రోల్ ఇంజిన్ కూడా ఇదే 'బి-సిరీస్' కుటుంబంలోది. ఎంజీబీది 1,798 సీసీ. బోరు పెరిగింది గానీ స్ట్రోకు రెండింటికీ 88.9 మిల్లీమీటర్లే.

లెక్క ఆ స్ట్రోకు దగ్గరే మొదలవుతుంది. క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోగా పిస్టన్ అంత పొడవూ ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోవాలి. 6,000 ఆర్పీఎమ్ అంటే సెకనుకు వంద చుట్లు. పిస్టన్ సగటు వేగం సెకనుకు 17.8 మీటర్లు. 6,500 దగ్గర అది 19.3, 7,000 దగ్గర 20.7. ఫ్యాక్టరీ రాడ్లు, ఫ్యాక్టరీ క్రాంక్ ఉన్న పాత ఇంజిన్‌ను 20 దాటనివ్వకూడదన్నది ఇంజిన్ కట్టేవాళ్ల మోటు లెక్క.

అయితే రాడ్‌ను తెంపేది సగటు వేగం కాదు, మలుపు. పిస్టన్ పై అంచుకు చేరి ఆగిన క్షణంలో కనెక్టింగ్ రాడ్ దాన్ని కిందికి గుంజాలి. పిస్టన్, పిన్ను కలిపి అర కిలో అనుకున్నా, 6,000 దగ్గర ఆ గుంజుడు టన్నుకు పైగా బరువు వేలాడదీసినట్టే. పైగా ఇది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 6,000 నుంచి 6,600కి పోతే వేగం పది శాతమే పెరుగుతుంది, గుంజుడు 21 శాతం పెరుగుతుంది. రాడ్ కింది మూత ఊడకుండా అదంతా భరించేవి రెండు బోల్టులు.

అందుకే మంచి మెకానిక్ పాత రాడ్ బోల్టులు మళ్లీ వాడడు. నాలుగు రాడ్లనూ తూచి, బరువైనవాటిని అరగదీసి సమానం చేస్తాడు. క్రాంక్‌ను ఫ్లైవీల్, క్లచ్‌తో కలిపి బ్యాలెన్స్ చేయిస్తాడు. బయటికి కనిపించని ఈ పనే ఇంజిన్ ఆయుష్షు.

పైభాగానికి వేరే హద్దు ఉంది. 6,000 దగ్గర ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. పుష్‌రాడ్, రాకర్ బరువును కూడా వెనక్కి తోయలేక స్ప్రింగు వెనకబడిందా, వాల్వు క్యామ్ మాట వినదు. గట్టి స్ప్రింగులు వేస్తే సరిపోతుందనుకుంటే, క్యామ్ ముక్కులు, ట్యాపెట్లు తొందరగా అరుగుతాయి.

ఇంత శ్రమపెట్టి తిప్పినా దక్కేదెంత? ఫ్యాక్టరీ ఎంజీబీ 95 హార్స్‌పవర్‌ను 5,400 దగ్గరే ఇచ్చేస్తుంది. చిన్న మార్పులతో ఆ శిఖరం కొన్ని వందల ఆర్పీఎమ్ పైకి జరుగుతుంది, అంతే. అది దాటాక ఎంత రేజ్ చేసినా చప్పుడు పెరుగుతుంది, బలం తగ్గుతుంది. కింది భాగం కొత్త బోల్టులతో, బ్యాలెన్స్‌తో కట్టిన రోడ్డు ఇంజిన్‌కు రోజూ 6,000, ఎప్పుడైనా ఒకసారి 6,500 అనుకోవడం సబబు. 1964 చివరిదాకా వచ్చిన మూడు మెయిన్ బేరింగుల ఇంజిన్లకు ఇంకాస్త తగ్గించుకోవాలి.

ఇంకో రెండు జాగ్రత్తలు. పాత టాకోమీటర్ తప్పు చూపించొచ్చు, మరో మీటరుతో సరిచూసుకోవాలి. ఇగ్నిషన్ ఆపే రెవ్ లిమిటర్ పెట్టినా, టాప్ గేరులో పోతూ పొరపాటున సెకండ్ గేరు వేస్తే అది కాపాడలేదు. అప్పుడు ఇంజిన్‌ను తిప్పేది పెట్రోలు కాదు, చక్రాలు.