సైకిల్ దొంగలు: ఒక చిత్రమును మరల చూచుట



ఈ మాసము ఒక చలనచిత్రమును గూర్చి వ్రాయుచున్నాను. ఇట్టి పత్రికలో సినిమా మాట ఏల యని కొందరు పెద్దలు కనుబొమలు ముడువవచ్చును. ముడిచినను చివరివరకు చదువుమని మనవి.

1948లో ఇటలీ దేశమున విట్టోరియో డిసీకా తీసిన 'సైకిల్ దొంగలు' అను చిత్రమది. మన దేశములో 1952లో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడెను. కథ చిన్నది. యుద్ధము ముగిసిన పిమ్మట రోము నగరములో ఆంటోనియో అను నిరుద్యోగికి గోడలమీద ప్రకటన కాగితములు అంటించు పని దొరకును. సైకిలున్నవానికే ఆ పని. అతని సైకిలు తాకట్టులో నున్నది. భార్య మరియ మంచముమీది దుప్పట్లు లాగి మూటగట్టి, వాటిని తాకట్టు పెట్టించి సైకిలును విడిపించును. మొదటి దినమందే దానిని దొంగ యెత్తుకొనిపోవును. ఇక తండ్రియు, చిన్న కుమారుడు బ్రూనోయు దానికై నగరమంతయు తిరుగుదురు. తుదకు తండ్రియే మరియొకని సైకిలు దొంగిలించి పట్టుబడును. ఇంతే.

సెమినరీలో చదువుకొను రోజులలో నేను దీనిని వీడియో క్యాసెట్టుమీద చూచితిని. అది మొదలు ఎనిమిదవ ఆజ్ఞను గూర్చి ప్రసంగించినప్పుడెల్ల ఆ చివరి దృశ్యమును ఉదాహరణముగా చెప్పుచుంటిని. లేమి మంచివానిని పాపములోనికి ఎట్లు నెట్టునో, సైకిలు యజమానుడు బాలుని ముఖము చూచి ఎట్లు కనికరించెనో వర్ణించి, విన్నవారి కన్నులు తడియగా తృప్తిపడుచుంటిని. నా వ్యాఖ్యానము తప్పు కాదు గాని, సగమే.

మిగిలిన సగమును నాకు చూపినవాడు మా సంఘపు యువకుడొకడు. మర్రిగూడ వైపు వాడు. ఆ నీళ్లలోని ఫ్లోరైడు ఎముకలను ఏమి చేసినదో నల్లగొండ జిల్లా చదువరులకు చెప్పనక్కరలేదు. అతని తండ్రి మోకాళ్లు వంగిపోయి, సైకిలెక్కి ఎన్నో యేండ్లైనది. తాత నాగార్జునసాగరుమీద రాళ్లు మోసినవాడు. 1955 డిసెంబరు 10న ఆ ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను. పక్క జిల్లా పాలమూరు కూలీలను గుంపు మేస్త్రీలు ముందు బయానా ఇచ్చి దేశములోని అనేక ఆనకట్టలకు, కాలువలకు తోలుకొనిపోయిన సంగతి మనకు తెలిసినదే. తాతలు నడిచిన త్రోవ మనుమల కాలమునకు సముద్రము దాటినది. ఈ యువకుడు దుబాయిలో కార్లు కడుగును.

రాత్రి మూడు గంటలకు లేచును. సైకిలు హ్యాండిలుకు బకెట్టు తగిలించి, వెనుక గుడ్డలమూట కట్టి, మెరుపు జాకెట్టు తొడుగుకొని, హెల్మెట్టు పెట్టుకొని బయలుదేరును. అవి లేకున్న జరిమానా. సైకిళ్లకు అనుమతి లేని రోడ్డెక్కినచో సైకిలునే పట్టుకొనిపోవుదురు. యజమానులు ఆఫీసుకు బయలుదేరకముందే కార్లన్నియు తళతళలాడవలెను. జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12.30 నుండి 3 గంటల దాక ఎండలో పని చేయించరాదని అక్కడి చట్టము. అయితే ఆ వేళ సైకిలు త్రొక్కుకొని గదికి చేరువానిమీది ఎండకు చట్టము లేదు. ఆ సైకిలును అతడు స్వదేశమునకు మరలిపోవుచున్న ఒక ఫిలిప్పీన్స్ దేశస్థుని యొద్ద కొనెను. సీటు క్రింద ఆ సహోదరుడు కట్టుకొన్న చిన్న సిలువ అట్లే యున్నదట.

మొన్న సెలవుమీద వచ్చినప్పుడు అతడును, అతని భార్యయు మా యింటికి వచ్చిరి. సైకిలు మాట రాగా నాకు ఈ చిత్రము జ్ఞాపకము వచ్చి, కంప్యూటరుమీద పెట్టి చూపితిని. మాటలకు నేనే అర్థము చెప్పుచుంటిని.

నేను ప్రసంగములకు వాడుకొను ఘట్టములయొద్ద అతడు కదలలేదు. భోజనశాలలో తండ్రి కుమారునితో కలిసి రావలసిన జీతమును కాగితముమీద లెక్కగట్టు దృశ్యము వచ్చినప్పుడు ముందుకు వంగెను.

"అయ్యగారూ, గిది మాత్రం ఉన్నదున్నట్టు తీసిండు. మేము గూడ పైసలు చేతికి రాకముందే గిట్లనే రాసుకొని పంచుకుంటం."

ఆంటోనియో పోలీసులయొద్దకు పోయి, ఫిర్యాదు వ్రాయించి, వట్టి చేతులతో మరలు చోట మెల్లగా నవ్వెను. ఏమి బిడ్డా అంటిని. "గాయన దేశంల గాయన ఉన్నడు, పోయి అడిగిండు" అనెను. పరదేశి ఏమని అడుగును?

ఆ సైకిలు పేరు ఫీదేస్, అనగా లాటిను భాషలో విశ్వాసము. సెమినరీలో చదివినవారికి ఇట్టి మాట దొరికిన విడిచిపెట్టుట కష్టము. నేను ఉత్సాహముతో వివరించితిని. తన సైకిలుమీద అక్షరములు ఎప్పుడో అరిగిపోయినవని మాత్రము అతడు చెప్పెను. నేను ఆ సంగతి అంతటితో ముగించితిని.

చిత్రములోని లోపమును కూడ అతడే పట్టుకొనెను. "ఆయన పని జేసేది ఒక్క పూట గూడ నిండ చూపియ్యలే." నిజమే. మూడు దినముల కథలో అధికభాగము వెదకుటయే. పోగొట్టుకొన్నవానిని డిసీకా చూచినంత దగ్గరగా పనిచేయువానిని చూడలేదు. ఈ విషయములో బిమల్ రాయ్ 1953లో తీసిన 'దో బీఘా జమీన్' మేలు. పల్లె విడిచి కలకత్తా చేరిన రైతు రిక్షా లాగుట, ఇంకను వేగముగా పరుగెత్తుమని ఎక్కినవారు తరుముట, చక్రము ఊడిపోవుట అందులో చూచుచున్నాము. ఆదికాండము 31వ అధ్యాయములో యాకోబు లాబానుతో వాదించు చోటును ఒకసారి తీసి చూడుము. పగటి యెండ, రాత్రి మంచు, కంటికి రాని నిద్ర, పదిమార్లు మార్చబడిన జీతము, అన్నియు వరుసగా లెక్క చెప్పును. వలసపోయిన పనివాని దినచర్య అది. మనమో, యాకోబు కన్న కలను గూర్చి ప్రసంగించినంతగా అతని యిరువది యేండ్ల కూలిని గూర్చి ప్రసంగింపము.

ఇక దేవాలయపు దృశ్యము. పేదలకు గడ్డములు గీయించి, ఆరాధనలో కూర్చుండబెట్టి, పిమ్మట సూపు పోయుదురు. దొంగ జాడ తెలిసిన ముసలివాని వెంట ఆంటోనియో అక్కడికి వచ్చి, ఆత్రముతో మాటలాడగా, అక్కడి పెద్దలు గొంతు తగ్గించుమని గదమాయింతురు. డిసీకా క్రైస్తవ సంఘమును ఎగతాళి చేసెనని నేను ఇదివరకు కొంత నొచ్చుకొనుచుంటిని. ఆ దినము యువకుడు ఏ ద్వేషమును లేక ఒక మాట చెప్పెను. "అయ్యగారూ, మీరు ప్రహరీ గోడకు చందా పంపుమని ఫోను చేసినప్పుడు నా సైకిలు పట్టుకపోయి ఉండె. మూడు నెలలు నడిచి పోయిన."

నేను ఒకసారి కాదు, మూడుమార్లు ఫోను చేసియుంటిని. అతడు పంపెను. సంఘములో చప్పట్లు కొట్టించి, గల్ఫు సహోదరుని దాతృత్వమని ప్రకటించితిని. ఎట్లున్నావు, పనికి ఎట్లు పోవుచున్నావు అని ఆ మూడుమార్లలో ఒకసారియు అడిగినట్లు జ్ఞాపకము లేదు. ఆ గోడ ప్రక్కనుండియే నేను ప్రతి ఆదివారము లోనికి పోవుచున్నాను. కనుక డిసీకామీద నేను మోపిన నేరమును ఇందుమూలముగా వెనుకకు తీసికొనుచున్నాను. ఆ దృశ్యములో ఎగతాళి లేదు. గొంతు తగ్గించుమను పెద్దలు దుష్టులు కారు. పని తొందరలో నున్నవారు.

చిత్రము ముగిసెను. తండ్రి చేతిని బాలుడు పట్టుకొనగా ఇద్దరును జనములో కలిసిపోయిరి. నేను అలవాటు చొప్పున కనికరమును గూర్చి నాలుగు మాటలు చెప్పబోవుచుంటిని. అంతవరకు నోరు మెదపని ఆ యువకుని భార్య అడిగెను.

"అయ్యగారూ, మరి ఆ దుప్పట్లు? మల్ల ఇడిపిచ్చుకున్నరా?"

వీసా ఖర్చులకు తాకట్టు పెట్టిన ఆమె గొలుసు ఇంకను మార్వాడీ యొద్దనే యున్నదని నాకు తెలియును. చిత్రములో ఆ సంగతి లేదని చెప్పితిని.